రోజుకింత గోధుమగడ్డి: జీతానికి తోడు చిన్న ఆదాయం

ఇంట్లో ట్రేలలో గోధుమగడ్డి పెంచి, రసానికి అమ్మే ఈ పని ఎవరికి సరిపోతుందో ముందే చెప్పేస్తాను. తెల్లవారకముందే లేచే అలవాటు ఉండాలి. ఇంట్లో నేరుగా ఎండ పడని, వెలుతురు, గాలి బాగా ఆడే మూల ఒకటి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే పనిని ఒకే వేళకి రోజూ విసుక్కోకుండా చేయగలగాలి. మధ్యాహ్నం షిఫ్టు ఉద్యోగులు, పిల్లల్ని బడికి పంపాక కాస్త తీరిక దొరికే తల్లులు, రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేకపోతున్నవాళ్లు, వీళ్లలో చాలామందికి ఇది కుదురుతుంది. నెలలో సగం రోజులు టూర్లమీద ఉండే ఉద్యోగమైతే దీని జోలికి వెళ్లొద్దు. మీరు ఊరెళ్లారని గడ్డి పెరగడం ఆపదు, కోతకి వచ్చిన ట్రే మూడు నాలుగు రోజులకి మించి మీకోసం ఆగదు. ఇంకో మాట. ఉన్న ఉద్యోగం మానేసి దీనిమీద పడొద్దు. అప్పు చేసి అసలే మొదలుపెట్టొద్దు. జీతం పక్కన పెట్టుకుంటే మాత్రం, చేసినవాళ్లకి మర్యాద, తాగినవాళ్లకి తృప్తి ఉన్న పని ఇది.

గోధుమలు నానబెట్టి మొలకెత్తించడం మనకేమీ కొత్త కాదు. తెలంగాణలో లంబాడీ తండాలకి వెళ్తే శ్రావణమాసంలో తీజ్ పండగ చూడొచ్చు. పెళ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు నింపి, నానిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోస్తూ పాటలు పాడుకుంటూ పెంచుతారు. ఆఖరి రోజుకి బుట్ట అంచులు దాటి ఒత్తుగా లేచిన ఆ మొలకలూ, మనం ట్రేలో పెంచే గడ్డీ ఒకటే. రోజులు కూడా ఇంచుమించు అవే. తేడా ఒక్కటే, అది చాలా ముఖ్యం. మనది ఉడకబెట్టకుండా, పచ్చిగా మనిషి కడుపులోకి పోతుంది. కాబట్టి పశువుల ఎరువు గానీ, బయటి మట్టి గానీ, పంపులో వచ్చే రంగునీళ్లు గానీ దీని దగ్గరికి రానీయకూడదు. తాగడానికి పనికొచ్చే నీళ్లే గోధుమలకీ వాడండి. మున్సిపాలిటీ నీళ్లయితే రాత్రి పట్టి ఉంచి పొద్దున వాడుకుంటే క్లోరిన్ వాసన పోతుంది.

గోధుమల దగ్గరే సగం పని తేలిపోతుంది. విత్తనాల దుకాణంలో పొలానికి అమ్మే గోధుమలు ఎప్పుడూ కొనొద్దు. వాటికి తెగుళ్ల మందు పట్టించి ఉంటారు, చాలావాటికి ఎర్రటి, గులాబీ రంగు కూడా కలుపుతారు. ఇంట్లో పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలిపి దాచుకున్న గోధుమలూ వద్దు. పిండిమరకి వెళ్లేవాళ్లు కొనే మామూలు తినే గోధుమలే కావాలి. శర్బతీ అయినా, లోక్‌వన్ అయినా పర్వాలేదు, కొత్త పంటది, గింజ నిండుగా ఉన్నది, విరిగిన గింజలు లేనిది అయితే చాలు. బస్తా కొనేముందు కిలో తెచ్చుకుని పరీక్ష చేయండి. 100 గింజలు లెక్కపెట్టి, నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచితే రెండో రోజుకి ఎన్ని మొలిచాయో తెలిసిపోతుంది. 90కి తక్కువ మొలిస్తే ఆ గోధుమలు చపాతీలకి వాడుకోండి. మొలవని గింజ ట్రేలో ఊరికే ఉండదు, కుళ్లి పక్కవాటికి బూజు అంటిస్తుంది.

ఇక పద్ధతి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ట్రేకి సుమారు పావుకిలో గోధుమలు పడతాయి. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, మునిగేదానికి మూడింతల నీళ్లు పోసి వదిలేయండి. చలికాలంలో 10, 12 గంటలు, ఎండాకాలంలో 6, 7 గంటలు నానితే చాలు. సోమవారం పొద్దున నీళ్లు వంపి, చిల్లుల గిన్నెలోకి తీసి, పైన పలచటి నూలుగుడ్డ కప్పండి. పొద్దునా సాయంత్రం ఒకసారి మంచినీళ్లతో కడిగి వడగట్టండి. మంగళవారం పొద్దునకి గింజ అడుగున తెల్లటి ముక్కు కనిపిస్తుంది. ట్రేలో చల్లడానికి అదే సరైన వేళ. వేళ్లు పొడుగ్గా సాగి ఒకదానికొకటి చుట్టుకున్నాక చల్లితే అవి తెగిపోతాయి.

ట్రే అడుగున చిల్లులుండాలి. అందులో అంగుళం మందాన కడిగి పిండిన కోకోపిట్ పరవండి. మన కోనసీమ కొబ్బరి పీచు నుంచి వచ్చే సరుకే ఇది, ఇటుకల్లా కట్టి అమ్ముతారు. కొన్ని ఇటుకల్లో ఉప్పు ఉంటుంది, నానబెట్టిన నీళ్లు ఒకటి రెండుసార్లు పారబోసి వాడండి. మట్టి, కోకోపిట్ ఏదీ లేకుండా రెండు పొరల నూలుగుడ్డ మీద కూడా గడ్డి వస్తుంది. గింజలోనే వారం పదిరోజులకి సరిపడా తిండి ఉంటుంది కాబట్టి ఎరువుతో పనిలేదు. గింజలు ఒకదానిమీద ఒకటి కుప్ప పడకుండా, పక్కపక్కన ఆనుకునేట్టు పరిచి, నీళ్లు చిలకరించి, ఇంకో ఖాళీ ట్రే బోర్లించండి. రెండు రోజులు చీకట్లోనే ఉండాలి. గురు, శుక్రవారాల్లో మూత తీసేసరికి అంగుళమున్నర ఎత్తు పసుపుపచ్చ మొలకలు నిలబడి ఉంటాయి. వెలుతురులో పెట్టిన రోజు సాయంత్రానికే పచ్చబడతాయి. అప్పటినుంచి పైన నీళ్లు చల్లడం మానేసి, అడుగున వెడల్పాటి పళ్లెంలో కాసిన్ని నీళ్లు పోసి ట్రేని అందులో పావుగంట ఉంచి తీసేయండి. వేళ్లు తడవాలి, గింజ పొడిగా ఉండాలి.

పొద్దున్నే ట్రే దగ్గరికి వెళ్తే ప్రతి ఆకు కొనమీదా ఒక నీటిబొట్టు నిలిచి ఉంటుంది. గదిలో మంచు కురవదు కదా. వేళ్లు రాత్రంతా తాగిన నీటిని ఆకు తన కొననుంచి బయటికి పంపేస్తుంది, అదే ఆ బొట్టు. ట్రే అంతటా అలా బొట్లుంటే వేళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక మూల మాత్రం పొడిగా, ఆకులు వాలి ఉంటే అక్కడ వేలు పెట్టి అడుగున చూడండి. నీరు నిలిచిందో, బూజు పట్టిందో తెలుస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువ కంగారుపడేది ఈ బూజు దగ్గరే. మూడో రోజున గింజల చుట్టూ తెల్లటి నూగు కనపడగానే ట్రే పారేసేవాళ్లున్నారు. అది చాలాసార్లు బూజు కాదు, వేరునుంచి వచ్చిన నూగువేళ్లు. గుర్తుపట్టడం తేలిక. నూగువేళ్లు ప్రతి వేరుకీ చుట్టూ సమానంగా ఉంటాయి, నీళ్లు చిలకరిస్తే వేరుకి అతుక్కుని కనపడకుండా పోతాయి, వాసన ఉండదు. బూజు మాత్రం ఒకచోట మొదలై, సాలెగూడు అల్లినట్టు గింజనుంచి గింజకి పాకుతుంది, నీళ్లు చల్లినా పోదు, ముక్కిన వాసన వేస్తుంది, రెండోరోజుకి బూడిదరంగుకో నీలిపచ్చకో మారుతుంది. అలాంటి ట్రేలో పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా అమ్మొద్దు, మీరూ తాగొద్దు. ఆ భాగం కత్తిరించి మిగతాది వాడదాం అనుకోవద్దు. ట్రేతో సహా బయటికి తీసుకెళ్లి, ఖాళీ చేసి, సబ్బుతో తోమి, ఎండలో ఆరబెట్టాకే మళ్లీ వాడాలి. ఎక్కువ నానబెట్టడం, కుప్పగా చల్లడం, మూత ఎక్కువరోజులు ఉంచడం, గాలి ఆడకపోవడం, ఇవే బూజుకి కారణాలు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో ఒక చిన్న ఫ్యాను ట్రేల మీదుగా నెమ్మదిగా తిరుగుతుంటేనే పని జరుగుతుంది.

ఎండాకాలం సంగతి దాచకుండా చెప్పాలి. గోధుమ చలికాలపు పంట. గది 20, 25 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో పచ్చటి ట్రే తీయడం చాలా కష్టం. ఇంట్లో చల్లటి గది చూసుకుని, కుండనీళ్లతో నానబెట్టి, ట్రేలు సగానికి తగ్గించుకోండి. ఖాతాదారులకి ముందే చెప్పండి. ఆ రెండు నెలలూ వేడిని తట్టుకునే పెసర మొలకలు ఇస్తానంటే కాదనేవాళ్లు తక్కువ. ఆదిలాబాద్‌లో, అరకులో డిసెంబరు చలికి గడ్డి రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆ లెక్కా వేసుకోవాలి.

కోత ట్రేలో చల్లిన ఏడు, ఎనిమిది రోజులకి. జానెడుకి కాస్త తక్కువ ఎత్తొచ్చి, మొదటి ఆకు మధ్యనుంచి రెండో ఆకు తొంగిచూసే వేళ. శుభ్రమైన కత్తెరతో, గింజకి అర అంగుళం పైన కోయాలి. గింజ, వేరు రసంలోకి రాకూడదు. సూక్ష్మక్రిములు చేరేది ఎక్కువగా అక్కడే. పైగా గోధుమ పడనివాళ్లకి ఇబ్బంది చేసే గ్లూటెన్ ఉండేది ఆకులో కాదు, గింజలో. అయినా సీలియాక్ జబ్బున్నవాళ్లకి ఇంటి ట్రేలో పెంచిన గడ్డి ఇవ్వనేవద్దు, ఒక్క గింజ పడినా వాళ్లకి ప్రమాదం. కోశాక మంచినీళ్లలో కడిగి, ఆరనిచ్చి, పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో అయిదారు రోజులు నిలుస్తుంది. అదే మొదలునుంచి రెండో కోత కూడా వస్తుంది, కానీ పలచగా, చేదుగా ఉంటుంది. నేనైతే దాన్ని అమ్మకానికి ఒప్పుకోను. బూజులేని వేళ్లచాప మేకలు ఇష్టంగా తింటాయి. దగ్గర్లో మేకలవాళ్లుంటే పిలిచి ఇవ్వండి, లేకపోతే కంపోస్టు చేసుకోండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇక్కడే చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. ముందు ఇరవై ట్రేలు వేసి, తర్వాత కొనేవాళ్లని వెతుకుతారు. కొనేవాళ్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. ఒకరికి రోజుకి 30 మిల్లీలీటర్ల రసం అనుకుందాం. చేత్తో తిప్పే జ్యూసర్‌తో దానికి సుమారు 50 గ్రాముల గడ్డి కావాలి. పదిమంది ఉంటే అరకిలో. అడుగు ట్రేకి 200 గ్రాములు వస్తుందనుకుంటే రోజుకి మూడు ట్రేలు కోయాలి. అంటే రోజూ మూడు ట్రేలు చల్లాలి. ప్రతి ట్రే ఎనిమిది రోజులు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఎప్పుడు చూసినా 24 ట్రేలు నడుస్తుంటాయి. బూజు పట్టేవాటికి ఇంకో మూడు నాలుగు కలుపుకోండి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అయిదు అరలున్న స్లాటెడ్ యాంగిల్ ర్యాకు మీద 15 ట్రేలు పడతాయి, రెండు ర్యాకులుంటే సరి. పదిమంది ఖాతాదారులకి ఇంత సరంజామా. ఈ అంకెలు సుమారువి. మీ గోధుమ, మీ గది, మీ జ్యూసర్‌ని బట్టి మారతాయి. వంటింటి తూకం పక్కనే పెట్టుకుని ప్రతి కోతనీ తూచి, నానబెట్టిన తేదీ, చల్లిన తేదీ, కోసిన బరువు, పోయిన ట్రేలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. నెల తిరిగేసరికి మీ లెక్క మీకు ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

కిలో 50 రూపాయల గోధుమలైతే ట్రేకి 12, 13 రూపాయల గింజ. 30 మిల్లీలీటర్ల కప్పులు నాలుగు వస్తే కప్పుకి మూడు రూపాయల పైచిలుకు. ఇది చూసి సంబరపడొద్దు. పోయిన ట్రేలు, కోకోపిట్, కరెంటు, కప్పులు, పెట్రోలు, అన్నిటికీ మించి మీ పొద్దుటి రెండు గంటలు, అన్నీ ఆ కప్పు మీదే పడతాయి. మీ గంటకి ఒక ధర కట్టి అందులో కలపకుండా రేటు చెప్పారంటే, ఆర్నెల్లు తిరిగేసరికి చాకిరీ మిగిలి డబ్బు మిగలదు.

అమ్మకం మూడు రకాలు. పార్కు బయట రసం తీసి అమ్మడంలో కప్పుకి ఎక్కువ వస్తుంది, కానీ అయిదున్నరకల్లా బండి దగ్గర ఉండాలి, వానొచ్చినా నిలబడాలి, మున్సిపాలిటీ దగ్గర వీధి వ్యాపారుల కార్డు సంగతి చూసుకోవాలి. రసం తీసిన వెంటనే తాగాలి. ఆగేకొద్దీ రంగు, రుచి మారతాయి కాబట్టి సీసాల్లో నింపి మధ్యాహ్నందాకా తిప్పడం కుదరదు. కోసిన గడ్డి కట్టలు జ్యూస్ షాపులకి, ప్రకృతి వైద్యశాలలకి ఇవ్వడం రెండోది. రేటు తక్కువే, కానీ ఒక్కసారి వెళ్లొస్తే పని అయిపోతుంది. పూర్తికాలం ఉద్యోగం ఉన్నవాళ్లకి నేను మూడోదాన్ని గట్టిగా చెప్తాను. పెరుగుతున్న ట్రేనే అపార్ట్‌మెంట్లలో ఇళ్లకి ఇవ్వడం. ఆరోరోజు ట్రే ఇస్తే వాళ్లే మూడు నాలుగు రోజులు కోసుకుంటారు. ట్రేకి కొంత డిపాజిట్ తీసుకోండి, కొత్తది ఇచ్చినప్పుడు పాతది వెనక్కి తెచ్చుకోండి. పాల కార్డులాగా నెలకి ఒక కార్డు రాసి, ఒకటో తారీఖునే డబ్బు తీసుకునే పద్ధతి మొదటినుంచే పెట్టండి. తర్వాత పెడదామంటే మొహమాటం అడ్డొస్తుంది. వారంలో ఒకరోజు సెలవు కావాలంటే, ఆ కోతకి పదిరోజుల ముందు రాత్రి నానబెట్టకుండా ఉంటే చాలు. ఊరికి వెళ్లాలన్నా అంతే, క్యాలెండర్ మీద పదిరోజులు వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

తినేవి, తాగేవి అమ్మేటప్పుడు 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోండి. చిన్న వ్యాపారులకి ఇది పెద్ద పని కాదు. ఫోస్కోస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, దళారితో పనిలేదు. ఆ నంబరు బండి మీద, కార్డు మీద రాస్తే కొనేవాళ్లకి కూడా ధైర్యం.

నోటితో చెప్పే మాటకీ చట్టం ఉంది. నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది దీన్నే. గోధుమగడ్డి క్యాన్సర్‌ని తగ్గిస్తుందని, షుగర్ పోగొడుతుందని బోర్డు రాసి అమ్మేవాళ్లని మీరూ చూసి ఉంటారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం ఈ జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, మీ కప్పు నమ్ముకుని ఒకాయన షుగర్ మాత్రలు మానేస్తే ఆ నష్టం మీరు తీర్చలేరు.

ఈ గడ్డికి పేరు ఎలా వచ్చిందో తెలిస్తే నోరు అదుపులో ఉంచుకోవడం తేలిక. 1930 ప్రాంతంలో అమెరికాలోని కాన్సస్‌లో చార్లెస్ ష్నాబెల్ అనే రసాయన శాస్త్రవేత్త నీరసించిన కోళ్లకి లేత ధాన్యపు గడ్డి పెడితే అవి తేరుకుని బాగా గుడ్లు పెట్టాయి. ఆయన వాడింది పొలంలో చలికాలమంతా నెమ్మదిగా పెరిగిన గడ్డి. మన ఎనిమిది రోజుల ట్రే గడ్డి వేరు. కాబట్టి పొడి డబ్బాల మీద ఉండే పోషకాల పట్టిక మీ కార్డు మీద ఎక్కించొద్దు. తర్వాత బోస్టన్‌లో ఆన్ విగ్‌మోర్ ఈ రసాన్ని లోకమంతా తెలిసేలా చేసింది. డయాబెటిస్ విషయంలో ఆమె చెప్పిన మాటలకి 1982లో మసాచుసెట్స్ అటార్నీ జనరల్ ఆమెమీద కేసు పెట్టాడు. పరిశోధనలూ జరిగాయి. 2002లో ఇజ్రాయెల్‌లో పెద్దపేగు పుండ్ల జబ్బున్న 23 మందిమీద చేసిన చిన్న పరిశీలనలో కొంత మేలు కనిపించింది. 2004లో చండీగఢ్ పీజీఐ వైద్యులు తలసీమియా పిల్లల్లో కొందరికి రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గిందని రాశారు. తర్వాత గోధుమగడ్డి మాత్రలతో చేసిన ఇంకో పరిశీలనలో అలాంటి తేడా కనపడలేదు. ఇంత కొద్దిమంది మీద చేసిన పనితో జబ్బు తగ్గుతుందని ఎవరికీ మాట ఇవ్వలేం. ఆకులోని పచ్చదనం మన రక్తంగా మారుతుందని ప్రచారం ఉంది, అదీ నిజం కాదు.

మరి ఎవరైనా దీనివల్ల లాభమేమిటని అడిగితే ఏం చెప్పాలి? తాజా ఆకురసం, పొద్దున కోసింది, పురుగుమందులు వాడలేదు, మీ డాక్టరుగారి మందులు మానొద్దు. అంతే చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఎదురైతే, ఆకుల్లో విటమిన్ కె ఉంటుంది కాబట్టి డాక్టరుని అడిగాకే రమ్మనండి. గర్భిణులకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి, కీమోథెరపీలో ఉన్నవాళ్లకి పచ్చిరసం ఇవ్వకపోవడమే మంచిది. ఆ ఒక్క కప్పు అమ్మకం పోతుంది, పోనీయండి. కీమో తీసుకుంటున్న భర్తకోసం కన్నీళ్లతో ట్రే అడిగే ఇల్లాలికి కాదని చెప్పడం చాలా కష్టం. అయినా చెప్పాలి.

యంత్రాల విషయంలో తొందర వద్దు. మిక్సీలో వేస్తే నురుగెక్కుతుంది, పీచు వడగట్టడం పెద్ద పని, కానీ మొదటి నెల ఇంటివరకూ దాంతోనే సరిపెట్టుకోవచ్చు. ఖాతాలు అయిదు దాటాక స్టీలు జ్యూసర్, చేత్తో తిప్పేది, నిమిషంలో విప్పి కడగగలిగేది చూసుకోండి. దాని పళ్ల సందుల్లో చిక్కిన పీచు రాత్రంతా ఉంటే మర్నాటి రసం పాడు. గడ్డి ఎండబెట్టి పొడిచేసే యంత్రాన్ని లక్షలు తీసుకుని అమ్ముతాం, మీ పొడి మేమే కొంటాం అని ఫోన్లు వస్తాయి. పుట్టగొడుగుల పేరుతోనూ ఇలాంటివి చాలా విన్నాం. తిరిగి కొంటామన్న మాట మీద డబ్బు కట్టొద్దు.

అద్దె ఇల్లయితే ర్యాకులు పెట్టేముందు ఇంటివాళ్లకి ఒక మాట చెప్పండి, అడుగు అరకింద పెద్ద పళ్లెం పెట్టి నీళ్లు కారకుండా చూడండి. మొదటి నెల రెండురోజులకి ఒక ట్రే చాలు, అది ఇంట్లోవాళ్లకీ పక్కింటివాళ్లకీ. రెండో నెల, డబ్బిచ్చే ఇళ్లు మూడు. నోట్‌బుక్‌లో పోయిన ట్రేలు పదిలో ఒకటికి తగ్గేదాకా నాలుగో ఇల్లు ఒప్పుకోవద్దు.